ఎందుకని అడిగే లెక్క
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



నర్సీపట్నంలో ఉర్దూ మీడియం పిల్లలకు పాఠాలు చెప్పుకొనే వాళ్ళము మేము. ఈ మధ్య మా పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. బి.టెక్. కంప్యూటర్ కోర్సులో డిస్క్రీట్ మాథమెటిక్స్ తప్పాడట. "ఉర్దూ మీడియం వాళ్ళకి ఇది రాదు సార్, చదువు మానేస్తాను" అన్నాడు.

పుస్తకం తెరిచి చూశాము. తర్కం, సమితులు, లెక్కించే పద్ధతులు, గ్రాఫులు. అంకెలు తక్కువ, "నిరూపించుము" అన్న మాట ఎక్కువ. సూత్రాలు బట్టీ పట్టించి మార్కులు తెప్పించామే గాని, ఎందుకని అడగడం మేము వాడికి నేర్పలేదు. లోపం వాడి భాషలో లేదు, మా బోధనలో ఉంది.

"పండుగ నమాజు అయ్యాక పదిమంది ఒకరితో ఒకరు ఒక్కొక్కసారి గలే మిలితే, మొత్తం ఎన్ని ఆలింగనాలు?" అని ఉర్దూలోనే అడిగాము. "తొంభై" అన్నాడు. కాసేపాగి, "కాదు సార్, ఒక్కొక్కటి రెండుసార్లు లెక్కపెట్టాను. నలభై అయిదు" అన్నాడు. పదకొండో మనిషి వస్తే? "ఇంకో పది. యాభై అయిదు." మనుషుల సంఖ్యను, దానికంటే ఒకటి తక్కువ సంఖ్యతో గుణించి సగం చెయ్యాలని వాడే చెప్పాడు. మొదటి సంఖ్యకు నిజమై, ఏ సంఖ్యకు నిజమైనా దాని తరువాతి సంఖ్యకూ నిజమని చూపితే, అన్నిటికీ నిజమే. వాణ్ణి భయపెట్టిన గణితానుగమనం ఇదే!

అల్గారిథమ్ అన్న మాట 9వ శతాబ్దపు బాగ్దాదు పండితుడు అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి వచ్చింది. భారతీయ అంకెల లెక్కను ఆయన అరబీలో వివరించారు. అదే శతాబ్దంలో మహావీరాచార్యులు సంస్కృతంలో వ్రాసిన గణితసారసంగ్రహంలో, కొన్ని వస్తువుల నుంచి ఎన్ని విధాల ఎంచుకోవచ్చో చెప్పే సూత్రం ఉంది. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు చేశారు. లెక్కకు సొంత భాష అడ్డమైతే ఇవన్నీ జరిగేవా?

విద్యార్థులారా! ముందు రెండు, మూడు, నాలుగు వంటి చిన్న సంఖ్యలతో చేసి చూడండి. కారణాన్ని ఇంటి భాషలో పైకి చెప్పండి. ఆ తరువాతే ఇంగ్లీషులో వ్రాయండి. పెద్దలకు మా మనవి ఒక్కటే: ఆదివారం పూట పై తరగతుల పిల్లల్ని కింది తరగతుల వాళ్ళతో కూర్చోబెట్టండి.

మా వాడు మళ్ళీ పరీక్ష ఫీజు కట్టాడు. ఫలితం ఇంకా రాలేదు. చదువు మాత్రం మానలేదు. దువా చేయండి.