డాబా మీద ఏరియల్

హామ్ రేడియో గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

ఏరియల్ పెద్ద ఖర్చేమీ కాదు. 7 మెగాహెర్ట్జ్ బ్యాండుకు సుమారు 20 మీటర్ల రాగి తీగను మధ్యకు కోసి, అక్కడ కోయాక్సియల్ కేబులు కలిపితే డైపోల్ తయారు. డాబా మీద జి.ఐ. పైపు నిలబెట్టి, మధ్యభాగం పైకి కట్టి, కొసలు రెండు వైపులా కిందికి లాగుతాము. పైపుకు మూడు పక్కలా స్టే వైర్లు. పైపు పడినా కరెంటు తీగలకు తగలనంత ఎడం ఉండాలి. ఇందులో మాత్రం మొహమాటం వద్దు.

కట్టడం ఒక పూట పని. తరువాతే ఉంది. సర్వీసంతా అందరికీ రిమైండర్లు పంపినవాణ్ణి, నా స్టే వైర్ల సంగతి మరిచాను. విశాఖ ఉప్పుగాలికి టర్న్‌బకిల్ తుప్పు పట్టింది. మా ఆవిడ రెండుసార్లు చెప్పింది కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. పైపు వంగి పక్కింటి నీళ్ళ ట్యాంకు మీద పడింది. మనిషి లేడు కనుక సరిపోయింది.

ఫోన్లు లేవు. నా దగ్గర సెట్టుంది, బ్యాటరీ ఉంది, ఏరియల్ లేదు! ఆ పక్కింటాయనే వచ్చి, హైదరాబాదులో నిండు నెలలతో ఉన్న కూతురికి క్షేమమని కబురు పంపమన్నారు. తలెత్తలేకపోయాను. మర్నాడు ఇద్దరం తెగిన తీగ అతికి మెట్లగది మీది నుంచి లాగాము. సాయంత్రానికి హైదరాబాదు హామ్ ఒకాయన పలికారు.

ఇప్పుడు ఏటా సెప్టెంబరులో స్టేలు విప్పి చూసి గ్రీజు పెడతాను. కేబులు జాయింటుకు కొత్త రబ్బరు టేపు చుడతాను. ఉరిమితే కేబులు సెట్టు నుంచి పీకేస్తాను. ట్యాంకు ఖరీదు ఆయన ఇప్పటికీ పుచ్చుకోలేదు.