రెసిన్ ఆవిరులు - మన పిల్లల ఆరోగ్యము
(దేశనూరు తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము చెప్పబూనినది వరిపొలమును గురించి కాదు, రైసుమిల్లును గురించి కాదు. పనికై బళ్ళారికి, బెంగుళూరుకు, హైదరాబాదుకు పోవు మన పిల్లలు ఇరుకు గదులలో క్రొత్త క్రొత్త యంత్రముల యెదుట కూర్చుండుచున్నారు. అందులో ఒకటి రెసిన్ ప్రింటరు. పేరు ప్రింటరే గాని దానికి కాగితముతోను సిరాతోను పని లేదు. తొట్టిలో చిక్కని ద్రవము పోసి ఊదారంగు కాంతి ప్రసరింపజేసినచో, కాంతి తగిలినంత మేర గట్టిపడి పొరమీద పొరగా వస్తువు తయారగును. పొర మందము 0.05 మిల్లీమీటరు మాత్రమే. ఈ పద్ధతికి మూలమైన దానికి చక్ హల్ అను అమెరికా ఇంజనీరు 1986లో పేటెంటు పొందెను. కట్టుడు పండ్ల నమూనాలు, నగల అచ్చులు నేడు అనేక చోట్ల దీనితోనే చేయుచున్నారు.

పూర్తిగా గట్టిపడిన వస్తువు వలన భయము స్వల్పము. కీడంతయు గట్టిపడని ద్రవములోను, దాని ఆవిరిలోను ఉన్నది. అందలి ఎక్రిలేటు జాతి రసాయనములు కన్నులను, గొంతును మండించును. కొందరిలో ఉబ్బసమునకు దారితీయును. చర్మము సంగతి మరియు విచిత్రము. పూర్వము రజకులు బట్టలకు గుర్తు పెట్టు నల్లజీడి రసమును మన పెద్దలు ఎరుగుదురు. అది కొందరికి ఏమియు చేయదు, కొందరికి ఒళ్ళంతయు పొక్కించును. రెసినును అట్టిదే. నెలల తరబడి ఏమియు కాకపోవచ్చును. ఒకనాడు దేహము దానిని శత్రువుగా గుర్తించును. ఆపైన ఒక్క చుక్కకే దద్దుర్లు లేచును. ఆ గుణము సాధారణముగా జన్మాంతము వదలదు. నేర్చిన వృత్తినే విడువవలసి వచ్చును. పండ్లు కట్టు పనివారిలో వైద్యులు ఈ వ్యాధిని ఏనాడో గుర్తించిరి.

ఆవిరి అనగానే విశాఖపట్నము జ్ఞప్తికి వచ్చుట సహజము. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురములోని ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకులో స్టైరీన్ వేడెక్కి, ఆవిరియై ఊరిమీద పడగా పండ్రెండుగురు మరణించిరి. అదియు చిన్న అణువులు గొలుసుకట్టుగా కూడి గట్టిపడు ద్రవమే. అయినను తొట్టిని ఆ ట్యాంకుతో పోల్చి జనులను బెదరించుట మాకు సమ్మతము కాదు. అక్కడ వందలకొలది టన్నులు, ఇక్కడ ఒక లీటరు. అక్కడ ఒక్క రాత్రి, ఇక్కడ దినదినము కొంచెము కొంచెముగా. భేదము అదియే.

మిరపకాయలు వేపునప్పుడు ఇల్లెల్ల దగ్గును, వెంటనే కిటికీ తెరచెదము. రెసినుకు అంతటి నిజాయితీ లేదు. వాసన తక్కువ అని చెప్పి అమ్ము రకములును కలవు. వాసన లేనంత మాత్రమున ఆవిరి లేదని కాదు. వాసన కప్పుటకు అగరువత్తి వెలిగించుట మరింత ప్రమాదము. వస్తువును కడుగు ఐసోప్రొపైల్ ఆల్కహాలు నిప్పు తగిలినచో భగ్గుమనును.

యంత్రమునకు వేరు గది, గాలిని వెలుపలికి నెట్టు ఫ్యాను ఉండవలెను. ఏ.సి. చాలదు, అది ఉన్న గాలినే త్రిప్పును. గుడ్డ ముసుగును, ఎన్-95 ముసుగును ఆవిరిని ఆపవు. బొగ్గు నింపిన డబ్బాల ముసుగు కావలెను. చేతికి నైట్రైలు తొడుగులు వేసికొని, రెసిను అంటిన వెంటనే మార్చవలెను. చర్మమున పడినచో స్పిరిటుతో తుడువరాదు, సబ్బునీటితో కడుగవలెను. ఆ గదిలో అన్నము తినరాదు. మిగిలిన ద్రవమును కాలువలో పోయక ఎండలో పెట్టినచో గట్టిపడును. మన బళ్ళారి ఎండకు ఈ మాత్రపు ఉపయోగమైనను ఉన్నది!

ఇవన్నియు సీసాతో వచ్చు భద్రతా పత్రములో వ్రాసియే యుండును. పదునారు భాగములు గల ఆ పత్రము తరచు ఇంగ్లీషులోనే ఉండును. తెలుగు గాని కన్నడము గాని మాత్రమే చదువ నేర్చిన పిల్లవానికి అది ఉన్నను లేనట్లే. యజమానిని అడుగుటకు జంకవలదు. అధికారులకు విన్నవింపదలచినచో భాష రాదను సంకోచమును వలదు. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము దేశమునందు గాని రాష్ట్రమునందు గాని వాడుకలో నున్న ఏ భాషలోనైనను అర్జీ పెట్టుకొనవచ్చును. తెలుగు అందులో చేరినదే.

ఆ పత్రములో రెండవ భాగము అపాయములను, నాలుగవది ప్రథమ చికిత్సను, ఎనిమిదవది రక్షణ సాధనములను తెలుపును. ఎవరి పిల్లలైన ఇట్టి పనిలో ఉన్నచో ఆ మూడు భాగముల నకలు తెప్పించి మాకు అందజేయుడు. తెలుగు చేసి ఈ పత్రికలోనే ప్రకటించెదము.