బోర్డు మీద ఆ పేరు

కోవిల్‌పట్టి, విరుదునగర్ తెలుగు శ్రోతలారా, అగ్గిపెట్టెల ఊరివాళ్లకి లేబులు విలువ వేరే చెప్పాలా! కొట్టు బోర్డు మీది పేరూ అలాంటి లేబులే.

2006లో నవీ ముంబైలో 'హిట్లర్స్ క్రాస్' అని ఒక హోటలు తెరిచారు. ముంబై యూదులు ఊరుకోలేదు. కొద్దిరోజుల్లోనే యజమాని పేరు మార్చాడు. 2012లో అహ్మదాబాదులో ఒక బట్టల కొట్టుకి ఏకంగా 'హిట్లర్' అనే పెట్టారు. బోర్డులో ఇంగ్లీషు 'ఐ' మీది చుక్కలో నాజీల గుర్తు! అడిగితే, భాగస్వామి తాతగారు మహా కఠినుడట, అందరూ ఆయన్ని అలాగే పిలిచేవారట. అబద్ధమని నేననను. చండశాసనుడైన పెదనాన్నకి మనమూ ఆ పేరే పెడతాం. 1982లో శివాజీ గణేశన్ 'హిట్లర్ ఉమానాథ్', 1997లో చిరంజీవి 'హిట్లర్' చూసినవాళ్లమేగా. ఇందులో ద్వేషంకన్నా తెలియనితనమే ఎక్కువ. కానీ అసలు హిట్లర్ పాలన సుమారు 60 లక్షలమంది యూదుల్ని, చంటిపిల్లలతో సహా, చంపించింది.

యూదులు మనకెక్కడో దూరంవాళ్లు కారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 'బెనె ఎఫ్రాయిం' కుటుంబాలున్నాయి. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, తాము యూదులమంటారు.

హిట్లర్ పేరున్న బోర్డు మీ బజారులో కనబడితే గొడవకి దిగక్కర్లేదు. కొట్టాయనతో నెమ్మదిగా చెప్పి చూడండి, వినకపోతే నలుగురిలో అడగండి. అహ్మదాబాదులో అలా అడగ్గా అడగ్గా చివరికి ఆ బోర్డు దిగింది.