పట్టాలెక్కిన యుద్ధం

1866 జూలై 3న కోనిగ్‌గ్రేట్స్ దగ్గర ప్రష్యా సైన్యం ఆస్ట్రియాను ఒక్క రోజులో చిత్తు చేసింది. ఆ గెలుపు మాట వస్తే ముందుగా డ్రైజ్ తుపాకి పేరే చెబుతారు. అందులో న్యాయం ఉంది. వెనక నుంచి తూటా పెట్టే ఆ తుపాకిని పడుకుని కాల్చవచ్చు. గొట్టం మూతిలోంచి మందు దట్టించే ఆస్ట్రియా సిపాయి లేచి నిలబడక తప్పదు. కానీ ప్రష్యా జనరల్ స్టాఫ్ అధిపతి హెల్ముట్ ఫాన్ మోల్ట్‌కే అంతకన్నా ఎక్కువగా నమ్ముకున్నది రైళ్లను. ప్రష్యా దళాలు ఐదు రైలు మార్గాల్లో సరిహద్దు చేరాయి. ఆస్ట్రియాకు ఆ దిక్కున ఉన్నది ఒక్కటే మార్గం.

నాలుగేళ్లకు ఫ్రాన్స్ వంతు వచ్చింది. ఎస్సెన్‌లోని క్రుప్ కర్మాగారంలో పోతపోసిన ఉక్కు ఫిరంగుల ముందు సెడాన్‌లో ఫ్రెంచి చక్రవర్తే లొంగిపోయాడు. 1871లో ఏర్పడిన జర్మన్ సామ్రాజ్యం ఆల్సేస్‌నూ లొరేన్‌లో కొంత భాగాన్నీ కలిపేసుకుంది. బ్రిటన్ మినహా యూరప్‌లోని పెద్ద రాజ్యాలన్నీ అప్పటినుంచి ప్రష్యా దారినే నడిచాయి: పడుచువాళ్లకు నిర్బంధ సైనిక సేవ, ఆ తర్వాత ఏళ్ల తరబడి రిజర్వు జాబితాలో పేరు, పిలుపు వచ్చిన రోజున రైలెక్కడం. లక్షల మందిని కదిలించే ఏర్పాటు ఇది. కదిలించడం ఎలాగో అందరూ నేర్చుకున్నారు. మధ్యలో ఆపడం ఎలాగో ఎవరూ ఆలోచించలేదు.

ఫ్రాన్స్‌కు తోడు దొరకకూడదన్నదే జర్మన్ చాన్సలర్ బిస్మార్క్ దౌత్యం మొత్తానికీ సూత్రం. 1879లో ఆస్ట్రియా-హంగరీతో, 1882లో ఇటలీని కలుపుకుని, 1887లో రష్యాతో రహస్యంగా ఒప్పందాలు కుదుర్చుకున్నాడు. 1890లో ఆయన పదవి పోగానే రష్యా ఒప్పందాన్ని బెర్లిన్ పొడిగించలేదు. రష్యాకు అప్పు కావాలి, ఫ్రాన్స్‌కు అండ కావాలి. జార్ నిరంకుశత్వానికీ ఫ్రెంచి గణతంత్రానికీ పొత్తు కుదరదనుకున్నవాళ్ల అంచనా తప్పింది. 1892లో ఇరుదేశాల సేనాధికారులు రాసుకున్న సైనిక ఒప్పందం 1894లో అమల్లోకి వచ్చింది. ఎదుటి కూటమిలో ఏ ఒక్క దేశం సైన్య సమీకరణ మొదలుపెట్టినా ఇద్దరూ ఏకకాలంలో సమీకరించాలి. జర్మనీ మీదికి ఫ్రాన్స్ 13 లక్షల మందినీ, రష్యా 7 నుంచి 8 లక్షల మందినీ దింపాలి. రాయబారుల భాషలో ఇలాంటి అంకెలు ఉండవు. ఇది రైళ్ల లెక్క తెలిసినవాళ్లు రాసుకున్న సంధి. బ్రిటన్ 1904లో ఫ్రాన్స్‌తో, 1907లో రష్యాతో సర్దుబాట్లు చేసుకుంది గానీ అంత దూరం వెళ్లి చేతులు కట్టేసుకోలేదు.

రెండు వైపులా శత్రువున్న జర్మనీ, రష్యా నిదానాన్నే తన అదృష్టంగా లెక్కగట్టింది. జనరల్ స్టాఫ్ అధిపతిగా ఉన్న ష్లీఫెన్ ఆలోచన ప్రకారం బెల్జియం మీదుగా వెళ్లి ఆరు వారాల్లో ఫ్రాన్స్ పని ముగించి, అదే సైన్యాన్ని రైళ్లలో తూర్పుకు తిప్పాలి. ఫ్రెంచి అప్పుతో రష్యా కొత్త పట్టాలు పరిచే కొద్దీ ఆ ఆరు వారాలూ కరిగిపోతున్నాయని బెర్లిన్‌కు గుబులు పట్టుకుంది.

1914 జూన్ 28న సారయేవోలో జరిగిన ఆస్ట్రియా యువరాజు హత్య తర్వాతి కథ తెలిసిందే. ఆగస్టు 1 సాయంత్రం బెర్లిన్ రాజభవనంలో జరిగింది మాత్రం నిదానించి చూడాలి. ఫ్రాన్స్ మీదికి పోకపోతే బ్రిటన్ తటస్థంగా ఉండవచ్చని లండన్‌లోని జర్మన్ రాయబారి తంతి పంపాడు. జర్మన్ చక్రవర్తి కైజర్ సంబరపడి, అలాగైతే సైన్యమంతా తూర్పుకే పోవాలన్నాడు. 1866 నాటి మోల్ట్‌కేకు తమ్ముడి కొడుకైన జనరల్ స్టాఫ్ అధిపతి కుదరదన్నాడు. ఏడాది శ్రమించి వేసిన ఏర్పాటును తలకిందులు చేస్తే తూర్పున దిగేది సైన్యం కాదు, తిండీ తూటా లేని గుంపు అని ఆయన వాదన. మీ పెదనాన్న అయితే వేరే జవాబు చెప్పేవాడని కైజర్ దెప్పాడు. అదే సాయంత్రం ఏడు గంటల వేళ లక్సెంబర్గ్‌లో ఒక చిన్న రైల్వే స్టేషన్‌ను జర్మన్ దళం ఆక్రమించేసింది. పొరపాటైందని చెప్పడానికి వెనకాలే మరో బృందం వచ్చింది. లండన్ మాట అపార్థమేనని రాత్రికి తేలింది, పాత ప్రణాళికే సాగింది. రైళ్లను తూర్పుకు తిప్పడం సాధ్యమేనని అంతకు ముందు రైల్వే విభాగాధికారిగా పనిచేసిన స్టాబ్స్ 1925లో పుస్తకమే రాశాడు. సాధ్యమై ఉండవచ్చు. చక్రవర్తి అడిగినప్పుడు ఆ కాగితం బల్ల మీద లేదు, అదే అసలు సంగతి.

ఆరు వారాల పథకం మార్న్ నది దగ్గర విఫలమైంది. తర్వాత సైన్యాలు కందకాల్లో దిగబడ్డాయి. పశువుల కోసం పుట్టిన ముళ్లకంచె, నిమిషానికి 600 తూటాలు కక్కే మెషిన్ గన్ దాడి చేసేవాడిని నిలువునా కోసేశాయి. 1916 జూలై 1న సోమ్ దగ్గర బ్రిటిష్ సైన్యం ఒక్క రోజులో 57,470 మందిని నష్టపోయింది. వారిలో 19,240 మంది చనిపోయారు. అంతకు ముందు వారం పాటు 15 లక్షలకు పైగా గుండ్లు కురిపించినా ఫలితం అది.

ఇలాంటి గుండ్లకు మందు ఎక్కడిది? స్కాట్లండ్ సరిహద్దులోని గ్రెట్నాలో తొమ్మిది మైళ్ల పొడవున కార్డైట్ అనే మందు చేసే కర్మాగారం వెలిసింది. నైట్రోగ్లిసరిన్‌నూ తుపాకి దూదినీ చేతులతో కలిపి ముద్ద చేసే పని వేలాది ఆడపిల్లలది. టీఎన్‌టీ నింపే చోట్ల పనిచేసినవాళ్ల ఒళ్లు పసుపుపచ్చగా మారేది. కార్మికులు తాగి పనికి వస్తున్నారని గ్రెట్నా ప్రాంతపు సారా దుకాణాలను ప్రభుత్వమే తీసేసుకుంది. 1918లో ముప్పై దాటిన స్త్రీలలో ఎక్కువ మందికి బ్రిటన్‌లో ఓటు దక్కింది. జర్మనీకి నౌకా దిగ్బంధం వల్ల చిలీ సురేకారం ఆగిపోయింది. గాలిలోని నత్రజని నుంచి అమ్మోనియా తీసే హాబర్-బాష్ పద్ధతి లేకుంటే ఆ దేశానికి మందుగుండు కరువయ్యేది. తిండి కరువు మాత్రం ఆగలేదు. 1916-17 చలికాలం టర్నిప్ దుంపలతో గడిచింది. 1916 డిసెంబరు చట్టం 17 నుంచి 60 ఏళ్ల మగవాళ్లందరినీ యుద్ధసేవకు కట్టేసింది.

ఏ కూటమిలోనూ సంతకం పెట్టని భారతదేశం 13 లక్షల మంది దాకా సముద్రాలు దాటించింది. సుమారు 74 వేల మంది తిరిగి రాలేదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు రేవులోని చమురు ట్యాంకులను పేల్చింది. జనం పట్నం వదిలి ఊళ్లకు పరుగెత్తారు. నిజాం రాజ్యపు హైదరాబాద్ కాంటింజెంట్ నుంచి పుట్టిన 20వ దక్కన్ హార్స్ 1916 జూలై 14న సోమ్ దగ్గర హైవుడ్ అడవి పక్కన బల్లేలు పట్టుకుని గుర్రాల మీద దూకింది. ఆ అడవి బ్రిటిష్ వారికి దక్కింది సెప్టెంబరు 15న. ట్యాంకులు మొదటిసారి యుద్ధానికి దిగినదీ ఆ రోజే.

1919 వర్సేల్స్ సంధి జర్మన్ జనరల్ స్టాఫ్‌ను రద్దు చేసింది, ట్యాంకుల, విషవాయువుల తయారీని నిషేధించింది. లోయినాలోని హాబర్-బాష్ అమ్మోనియా కర్మాగారం మాత్రం నడుస్తూనే ఉండింది. ఆ నత్రజని ఎరువుగా పొలాలకు వెళ్లింది.