పాత తీగ, కొత్త వేగము

గోదావరిఖనిలో భూగర్భ గనిలోనికి దిగిన సర్దారు పని మొదలుకాక మునుపే పైకప్పును కర్రతో తట్టి చూచును. కంటికి గట్టిగా కనిపించు రాయి గుల్లగా పలికినచో ఆ క్రింద ఎవరిని నిలువనీయడు. ఆ ఊరిలోనే ఒక చిన్న కార్యాలయపు కంప్యూటరు తీగలను పరీక్షింప మొన్న జనవరిలో మేము పోయినప్పుడు ఈ సంగతియే జ్ఞప్తికి వచ్చినది.

కంప్యూటర్లను కలుపు ఈథర్నెట్ పద్ధతి 1973లో అమెరికాలోని జెరాక్సు పరిశోధనాలయమున పుట్టినది. ఈ కార్యాలయమువారు సెకనుకు 10 కోట్ల బిట్లు పంపు యంత్రములను తీసివేసి 100 కోట్ల బిట్లు పంపువానిని తెచ్చిరి. యంత్రములు మారినవి గాని వేగము మారలేదు. గోడలు పగులగొట్టి తీగలన్నియు కొత్తవి వేయవలెనని ఎవరో చెప్పిరట.

ఆ తీగలో ఎనిమిది రాగిపోగులు రెండేసి మెలివేయబడి నాలుగు జతలుగా నుండును. పాత వేగమునకు రెండు జతలు చాలును. తక్కిన రెండును తెగియున్నను ఏండ్ల తరబడి ఎవరికిని తెలియదు. కొత్త వేగమునకు నాలుగును కావలెను. 1999లో వెలువడిన ప్రమాణము ఐదవ తరగతి తీగపైననే 100 మీటర్ల వరకు ఆ వేగము నడుచునని నిర్ణయించినది. కనుక పాతదైనంత మాత్రమున తీగ పనికిరానిది కాదు.

చౌకరకపు దీపముల పరికరము పెట్టి చూచితిమి. కొన్నిట నాలుగు దీపములే వెలిగినవి. మిగిలిన పోగులను టెలిఫోనుకు వాడుకొనియుండిరి. ఎనిమిదియు వెలిగినచోట్ల అందరు సంతసించిరి, మేము తప్ప. విద్యుత్తు ఈ కొననుండి ఆ కొనకు పోవుచున్నదని మాత్రమే దీపము చెప్పును. ఒక జత పోగును వేరొక జత పోగుతో కూర్చినను అది వెలుగును. అప్పుడు ఒక జతలోని మాట ప్రక్క జతలోనికి పొరలిపోవును. దానిని పట్టుటకు 100 మెగాహెర్ట్‌జుల వరకు సంజ్ఞలు పంపి, ఎంత క్షీణించినదో, ఎంత పొరలినదో, ఎంత వెనుకకు తిరిగివచ్చినదో కొలుచు పరికరము వేరే యున్నది.

దోషములు పెక్కు కొనలయందే బయటపడినవి. మెలిని 13 మిల్లీమీటర్లకు మించి విప్పరాదు. అచట రెండంగుళములు విప్పి బిగించిరి. కత్తిరించి మరల బిగింపగనే అవి నిలిచినవి. ఒక తీగను మాత్రము గీకి చూడగా లోపల తెల్లగా నుండెను: రాగిపూత పూసిన అల్యూమినియము! దానికి పరీక్షయే అనవసరము, తీసివేయించితిమి.

మీ యింటి కంప్యూటరు కూడ తాను కుదుర్చుకొన్న వేగమును చూపును. రెండు కొనలను 1000 పలుకు యంత్రములున్నను 100 అని చూపినచో ముందు కొనలనే అనుమానింపుడు.

ఇక రామగుండపు ఎండ. వేడిమి ఒక్క డిగ్రీ హెచ్చినచో రాగి నిరోధము నూటికి ఇంచుమించు 0.4 వంతు పెరుగును. 20 డిగ్రీలనుండి 45కు పోవునప్పటికి పదవ వంతు. జనవరి ఉదయమున అంచుమీద గట్టెక్కిన పొడవు తీగలు కొన్ని రేకుల కప్పు క్రింద నున్నవి. మే నెల మధ్యాహ్నమున వానిని మరల కొలువవలెనన్నప్పుడు అచటివారు నవ్విరి. నిచ్చెన మాత్రము తీసిపెట్టుదుమనిరి.