శ్రమయు, ఆకలియు

శ్రమించినవానికి ఆకలి హెచ్చునని మన నమ్మకము. అయినను చెడుగుడు ఆడి రొప్పుచు వచ్చిన బాలునికి తల్లి అన్నము వడ్డించినచో, "ఇప్పుడే వద్దమ్మా" అనుట ప్రతి ఇంటను చూచునదే. అది మొండితనము కాదు; నెత్తురులోని రసాయనముల ప్రభావము.

కండరములు తీవ్రముగా పనిచేయునపుడు చక్కెర విచ్ఛిన్నమై లాక్టేటు పుట్టును. దీనిని వెనుకటివారు వట్టి వ్యర్థపదార్థమనుకొనిరి. ఇది గుండెకును, మెదడునకును ఇంధనమని నేడెరుగుదుము. అంతియే కాక, కొన్ని కణములలో ఇది ఫినైల్ అలనిన్ అను ఆమైనో ఆమ్లముతో కూడి 'లాక్-ఫీ' అను పదార్థమగును. 2022లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు, బేలర్ విద్యాసంస్థల శాస్త్రజ్ఞులు దీనిని స్థూలకాయముగల చిట్టెలుకలకు సూదిద్వారా ఎక్కింపగా, తరువాతి 12 గంటలలో అవి తిను మేత సుమారు సగమునకు తగ్గినది. మనుష్యులలో ఈ పదార్థము నిదానపు వ్యాయామమునకంటె వేగపు పరుగులో ఎక్కువగా పెరిగినది.

అయితే శ్రమానంతరము కలుగు ఈ అరుచి కొంతసేపటిదే. పిదప ఆకలి తిరిగి వచ్చును. కావున బరువు తగ్గగోరువారు వ్యాయామమునే నమ్మి భోజనమున అదుపు విడువరాదు. ఇన్సులిన్ వాడు మధుమేహరోగులు ఆకలి లేదని భోజనము మానరాదు. శ్రమ ముగిసిన కొన్ని గంటలకు సైతము రక్తములోని చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. ఇక ఆడివచ్చిన పిల్లలను వెంటనే తినుమని నిర్బంధింపకుడు. మంచినీరిచ్చి, కొంత విశ్రమింపనిచ్చి, అటుపిమ్మట వడ్డింపుడు. వారే అడిగి తిందురు.