మన సాక్ష్యం ఏ పుస్తకంలో ఉంది?

(కోరుకొండలో ఆదివాసీ యువత సమావేశంలో చేసిన ప్రసంగం)



ఏం చదవమంటావన్నా అని చాలామంది అడుగుతున్నారు. డీఎస్సీకి, గ్రూప్స్‌కి ఏం చదవాలో నాకంటే మీకే బాగా తెలుసు. నేను చెప్పేది వేరే చదువు. నాలుగు పుస్తకాలు చెప్తాను, రాసుకోండి.

మొదటిది, మహాశ్వేతాదేవి బెంగాలీలో రాసిన ‘అరణ్యేర్ అధికార్’. బిర్సా ముండా నవల. 1979లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగులో ‘ఎవరిదీ అడవి?’ పేరుతో ఉంది. బిర్సా 1900 జూన్ 9న రాంచీ జైల్లో చనిపోయాడు. అప్పటికి పాతికేళ్లు నిండలేదు. అంటే ఇక్కడ కూర్చున్న మన వయసే. మనం దండేసే ఫొటోలో బిర్సా వేరు, ఇందులో ఆకలి తెలిసిన కుర్రాడు వేరు.

రెండోది, అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన ‘కొమురం భీం’. 1940లో జోడేఘాట్‌లో భీం నేలకొరిగాడని అందరం చెప్తాం. సినిమా చూసి భీం తెలుసనుకుంటున్నాం. ఆయన తుపాకీ పట్టేదాకా ఎందుకొచ్చిందో తెలియాలంటే ఇది చదవాలి.

మూడోది, మల్లిపురం జగదీశ్ ‘శిలకోల’ కథలు. పై రెండూ ప్రేమతో రాసినవే, కానీ బయటివాళ్లు రాసినవి. ఇది ఆదివాసీ బిడ్డ రాసింది. ఆ తేడా నేను చెప్పను, మీరే చదివి చూసుకోండి.

నాలుగోది ఇంగ్లీషులో ఉంది. హైమండార్ఫ్ 1945లో వేసిన ‘ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్’. బైసన్ హిల్స్ అంటే మన పాపికొండలే! మనల్ని వింత మనుషుల్లా కొలిచిన చోట్లున్నాయి. చదువుతుంటే కోపం వస్తుంది, రానివ్వండి. కానీ కొండరెడ్లు పోడు ఎలా కొట్టేవారో, కలప వ్యాపారుల చేతిలో ఎలా నలిగారో ఆయన రాసిపెట్టాడు. ఆ గోదావరి గట్టు ఊళ్లు చాలా ఇప్పుడు పోలవరం ముంపులో ఉన్నాయి. నలుగురు కూర్చుని రోజుకో పేజీ చదివినా చాలు.

ఎందుకింత కష్టం అంటారా? పట్టా అడిగితే “కాగితం ఏదీ?” అంటారు కదా. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని 2008 నాటి రూల్స్‌లో 13వది తీసి చూడండి. ప్రభుత్వ రికార్డులే కాదు, మన ఆచారాల మీద పేరున్న సంస్థలు చేసిన పరిశోధనలు, శ్మశానాలు, దేవతల చోట్లు కూడా సాక్ష్యమే. క్లెయిమ్ పెట్టినవాళ్లు కాకుండా వేరే పెద్దవాళ్లు చెప్పిన మాట రాసిపెడితే అదీ సాక్ష్యమే. ఒక్కటి కాదు, రెండు మూడు రకాలు జతచేయాలి.

అంటే మన ముసలమ్మ నోట్లో ఉన్నది కూడా ఒక పుస్తకమే. రాసేవాళ్లు లేక అది మట్టిలో కలిసిపోతోంది. 1879 రంప పితూరీ గురించి ఇప్పటికీ తెల్లదొరల రిపోర్టుల ఆధారంగానే ఎక్కువగా చదువుకుంటున్నాం. ఎంతకాలం ఇలా?

ఇక్కడ్నుంచి గోకవరం దాటితే కొండలొచ్చేస్తాయి. ఈసారి ఇంటికెళ్లినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకెళ్లండి. ఈ పోడు ఎవరు కొట్టారు, ఏ వాగు దాకా మనది, ఏ చెట్టు కింద పండగ చేసేవాళ్లం అని అడగండి. పెద్దవాళ్లు చెప్పింది చెప్పినట్టు మన భాషలోనే రాయండి. కింద తేదీ వేసి వేలిముద్ర తీసుకోండి, ఆ కాగితం గ్రామసభలో పెట్టండి.

చదువుదాం, రాద్దాం. జోహార్.